బెంగుళూరు నాగరత్నమ్మగారు: త్యాగరాజ సన్నిధికి నడచిన దారి

ఉగాదినాడు తలంటి పోసుకొని, వేపపువ్వు పచ్చడి నోట వేసుకొని, మనమందరమూ పంచాంగ శ్రవణానికి కూర్చుంటాము. పంతులుగారు ఒక్కొక్క రాశికీ ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చదువుతూంటే ఎవరి అంకెలు వారు మనస్సులో వ్రాసుకొంటారు. ఆదాయం హెచ్చినవారి ముఖం వికసిస్తుంది. అవమానం హెచ్చినవారు పక్కవారి అంకె ఎంతో విని కొంత ఊరట పొందుతారు. ఇదంతా మనకు అలవాటైన వేడుకే.

కాని ఏ పంచాంగానికీ అందని లెక్క ఒకటి ఉన్నది. మనిషి ఒక చోటికని బయలుదేరి, ఆ దారి మూసుకుపోయి, మరొక దారి పట్టి, తాను కలలోనైనా అనుకోని చోటికి చేరుకోవడం. తానొకటి తలిస్తే దైవమొకటి తలచునని మన పెద్దలు ఊరకే అనలేదు. ఇంటికి దూరంగా వచ్చి స్థిరపడిన మనవంటి కుటుంబాలకు ఈ సామెత అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. విజయనగర రాజుల కాలంలో వచ్చినవారున్నారు, నాయకరాజుల సేనల వెంట వచ్చినవారున్నారు, నిన్న మొన్న ఉద్యోగం కోసం వచ్చినవారున్నారు. మళ్ళీ వెళ్ళిపోదామనుకొని వచ్చి, ఇక్కడనే మనుమలను ఎత్తుకొన్నవారు మనలో ఎందరు లేరు?

అందుచేత ఈ ఉగాది సంచికకు ఒక జీవితకథ వ్రాయవలసి వచ్చినప్పుడు మేము బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలచుకొన్నాము. ఆమె పుట్టినది కన్నడదేశంలో. పేరు ప్రతిష్ఠలు సంపాదించినది చెన్నపట్టణంలో. కన్నుమూసినది తమిళదేశంలో, కావేరి ఒడ్డున. ఆమె జీవితమంతా పాడినదీ, చదివినదీ, అచ్చువేయించినదీ, చివరకు తన సర్వస్వమూ ధారపోసినదీ మాత్రం మన తెలుగు మాట కోసం. పేరు వినని వారుండరు. కాని ఆ సన్నిధికి చేరేలోపల ఎన్ని తలుపులు ఆమె ముఖంమీద మూసుకొన్నవో తెలిసినవారు తక్కువ.

మైసూరుకు దగ్గరలో కపిలానది ఒడ్డున నంజనగూడు అనే క్షేత్రమున్నది. శ్రీకంఠేశ్వరస్వామి ఆలయం వల్ల దానికి ప్రసిద్ధి. 1878 నవంబరు 3వ తేదీన నాగరత్నమ్మగారు ఆ ఊరిలో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మమ్మ, దేవదాసీ కులానికి చెందిన గాయని. మైసూరు సంస్థానంలో పాటపాడిన వంశం. తండ్రి సుబ్బారావు అనే వకీలు. పిల్ల ఇంకా పసిగుడ్డుగా ఉండగానే ఆ వకీలుగారు తల్లినీ బిడ్డనూ వదలివేశారు. అలనాటి ఏర్పాట్లలో అటువంటి తల్లికి ఏ న్యాయస్థానంలోనూ దిక్కులేదు. అడిగేవారూ లేరు.

ఆ తల్లి ఏడుస్తూ కూర్చోలేదు. బిడ్డను చంకనెత్తుకొని మైసూరు చేరింది. అక్కడ గిరిభట్ట తిమ్మయ్యశాస్త్రిగారనే ఆస్థాన పండితుడు ఆశ్రయమిచ్చారు. అయిదేండ్ల వయస్సులో ఆ బాలికను కులాచారం ప్రకారం దేవదాసిని చేశారు. ఆ వయస్సులోనే శాస్త్రిగారి దగ్గర సంస్కృతం మొదలయింది, సంగీతం మొదలయింది. పిల్ల చురుకైనది. చెప్పిన శ్లోకం చెప్పినట్లు అప్పగించేది. ఇంత మంచి గురువు దొరికినాడని తల్లి సంతోషించే రోజులలో ఆ ఆశ్రయమూ తప్పిపోయింది. శాస్త్రిగారు కూడా వారిని విడిచిపెట్టారు. మైసూరులో ఇక నిలువ నీడ లేకపోయింది.

ఇక్కడ మేము ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఇటువంటి కథలు చెప్పేటప్పుడు, ఇదంతా దైవలీల అని ఒక్క మాటతో దాటిపోవడం మనకు వాడుక. మేము అలా అనలేము. ఒక తండ్రి బిడ్డను వదలివేయడం తండ్రి చేసిన తప్పు, అది దేవుని తప్పు కాదు. మనుష్యులు చేసే అన్యాయాన్ని దేవునిమీదికి తోసివేయడం భక్తి అనిపించుకోదు. అయితే, ఆ అన్యాయం జరిగిన తరువాత కూడా మనిషి నడవడానికి ఒక అడుగు మేర చోటు మిగిలి ఉంటుంది. ఆ అడుగు మేర చోటే దైవం చూపించే దారి అని మా నమ్మకం. పుట్టలక్ష్మమ్మగారు ఆ అడుగు వేశారు. మైసూరు వదలి బెంగుళూరు వైపు నడిచారు.

బెంగుళూరులో వెంకటస్వామప్ప అనే మేనమామగారున్నారు. ఫిడేలు వాయించి జీవించేవారు. ఆయన తల్లినీ పిల్లనూ ఆదరించారు. అక్కడ నాగరత్నం చదువు ఆగలేదు సరికదా, ఇంకా విస్తరించింది. కన్నడం ఉండనే ఉన్నది, ఇంగ్లీషు నేర్చుకొన్నది, తెలుగు నేర్చుకొన్నది. నాట్యమూ అభ్యసించినది. సంగీతంలో మునుస్వామప్పగారు గురువు. ఆయన త్యాగరాజస్వామివారి శిష్యపరంపరకు చెందినవారు.

ఈ సంగతి కొంచెం నిలిచి ఆలోచించదగినది. మైసూరులో ఆ శాస్త్రిగారి పంచనే జీవితం సుఖంగా గడచి ఉంటే, ఆ బాలిక మంచి సంస్కృత విదుషీమణి అయి ఉండేదేమో. మునుస్వామప్పగారి గుమ్మం తొక్కేది కాదు. ఆ గుమ్మం తొక్కినందువల్లనే ఆమెకు త్యాగరాజ కీర్తనలు గురుముఖంగా లభించినవి. కీర్తన అనగా రాగమూ తాళమూ మాత్రమే కాదు గదా. మాట ఉన్నది, మాటలో భావమున్నది. దక్షిణదేశంలో ఆనాడు సభలలో పాడే కీర్తనలూ, పదాలూ, జావళులూ అధికభాగం తెలుగులోనివే. అర్థం తెలియకుండా అక్షరాలు వల్లించేవారు కొల్లలుగా ఉండేవారు. నాగరత్నం ఆ కోవలో చేరలేదు. పాడే మాట అర్థం కావాలని పట్టుబట్టి తెలుగు చదివింది. పరాయి భాషగా మొదలుపెట్టి, కావ్యాలను పరిష్కరించి అచ్చువేయించగలిగినంత పాండిత్యం సంపాదించింది. పుట్టుకతోనే ఆ భాష దక్కిన మన పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా ఈ వ్యాసానికి ప్రయోజనం కలిగినట్లే.

పదిహేనేండ్ల ప్రాయంలో ఆమె పండితుల సభలో మొదటిసారిగా అడుగుపెట్టి మెప్పు పొందారు. కొద్దికాలంలోనే మైసూరు రాజ్యంలో ఆమె పేరు మారుమ్రోగింది. ఏ మైసూరు తల్లినీ బిడ్డనూ నిలువనీయలేదో ఆ మైసూరే ఆమె గానం విన్నది. బెంగుళూరులో న్యాయమూర్తి నరహరిరావుగారు ఆమె విద్యను మెచ్చి పోషకులుగా నిలిచారు. గాత్రానికి తగిన వేదిక చెన్నపట్టణమేనని ఆయన సలహా చెప్పగా, ఆమె పుట్టిన రాజ్యం విడిచి చెన్నపట్టణం వచ్చి చేరారు. ఊరు కొత్త, వీధులు కొత్త, వీధిలో వినవచ్చే భాష కొత్త. మన కుటుంబాలన్నీ ఎరిగిన అనుభవమే ఇది.

చెన్నపట్టణం ఆమెను నిరాశపరచలేదు. ఆనాడు జార్జిటవునులో సంగీత విద్వాంసులూ, విదుషీమణులూ ఎందరో నివసించేవారు. వీణ ధనమ్మాళ్ వంటి మహావిదుషి ఉన్న పట్టణమది. అటువంటి చోట నిలద్రొక్కుకోవడం సామాన్యం కాదు. నాగరత్నమ్మగారు కచేరీలు చేశారు, హరికథలు చెప్పారు, గ్రామఫోను పలకలలో పాడారు. మంచి ఇల్లు, నగలు, ధనమూ సమకూరినవి. ఆ పట్టణంలో ఆదాయపు పన్ను కట్టిన మొదటి గాయని ఆమేనని చెప్పుకొంటారు. విద్యాసుందరి అనే బిరుదుతో ఆమెను పిలిచేవారు. ఇక జీవితానికి లోటేమున్నదని ఎవరికైనా తోచే దశ అది.

ఆ దశలోనే ఒక పుస్తకం ఆమె చేతికి వచ్చింది.

తంజావూరును మహారాష్ట్ర ప్రభువులు ఏలిన కాలంలో, 1739 నుండి 1763 వరకు రాజ్యం చేసిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమెయూ ఆస్థాన వారాంగనయే. సంస్కృతాంధ్రాలలో పండితురాలు. ఆమె వ్రాసిన శృంగార ప్రబంధం రాధికా సాంత్వనము. కృష్ణునికి ఇళాకన్యను తానే పెంచి పెండ్లిచేసిన రాధ, ఆ తరువాత ఓర్వలేక అలగడమూ, కృష్ణుడు ఆమెను ఊరడించడమూ అందులోని కథ. నాగరత్నమ్మగారు దానిని పదేపదే చదివారు. అంతకు ముందు అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన వంశాన్ని గురించి చెప్పుకొన్న పీఠిక పద్యాలూ, మరికొన్ని పద్యాలూ తొలగించి ఉన్నట్లు గ్రహించారు. వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, పూర్తి గ్రంథాన్ని పీఠికతో సహా సిద్ధపరచారు. 1910లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారు దానిని ప్రకటించారు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకొంటూనే, కావ్యంలోని శృంగారాన్నీ, ఆమె కులాన్నీ నిందించి ఉన్నారు. దానికి నాగరత్నమ్మగారు తమ పీఠికలో జంకూ గొంకూ లేకుండా సమాధానం వ్రాశారు. పురుషులు వ్రాసిన శృంగారం ప్రౌఢకావ్యమై, స్త్రీ వ్రాసినది మాత్రం దోషమెట్లయినదని ఆమె నిలదీత. పంతులుగారి వంటి పెద్దకు ఒక దేవదాసి అచ్చులో ఎదురు సమాధానం చెప్పడం ఆ రోజులలో చిన్న సంగతి కాదు.

ఫలితం చేదుగా పరిణమించింది. గ్రంథం అశ్లీలమని దొరతనంవారికి ఫిర్యాదులు వెళ్ళినవి. 1911లో ప్రభుత్వం దానిని నిషేధించి ప్రతులను స్వాధీనం చేసుకొన్నది. పండితులు కొందరు వావిళ్ళవారి పక్షాన నిలిచినా లాభం లేకపోయింది. ఒక స్త్రీ హృదయాన్ని మరొక స్త్రీ వెలికితీసి లోకానికి చూపబోతే, లోకం తలుపు వేసుకొన్నది. ఎన్నాళ్ళో శ్రమించి పండించిన పంట కల్లంలోనే కాలిపోయినట్లయింది.

ఇటువంటి దెబ్బ తగిలినప్పుడు మనుష్యులు రెండు విధాలుగా పోతారు. కొందరు లోకంమీద కసి పెంచుకొంటారు. కొందరు ఇది నా నుదుటి వ్రాత అని చేతులు ముడుచుకొంటారు. నాగరత్నమ్మగారు రెండూ చేయలేదు. పీఠికలోని ఒక్క అక్షరాన్ని కూడా వెనక్కు తీసుకోలేదు. పాట మానలేదు. రోజూ చేసే రామపూజ మానలేదు. పదేండ్లు గడచినవి.

1921లో మైసూరు ఆస్థాన విద్వాంసుడు బిడారం కృష్ణప్పగారి వద్దనుండి ఒక ఉత్తరం వచ్చింది. నాగరత్నమ్మగారికి ఆయన గురుస్థానీయులు. తిరువయ్యారులో త్యాగరాజస్వామివారి సమాధి శిథిలమై ఉన్నదనీ, చూసేవారు లేరనీ ఆ ఉత్తరంలోని సారాంశం.

తిరువయ్యారు తంజావూరుకు సుమారు 8 మైళ్ళ దూరంలో కావేరి గట్టున ఉన్న పంచనద క్షేత్రం. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో జన్మించి, ఈ తిరువయ్యారులోనే జీవితం గడిపారు. తమిళదేశానికి తరలివచ్చి తరాలు గడిచినా ఇంట తెలుగు మరువని కుటుంబం వారిది. తంజావూరు ప్రభువు పిలిచినా కొలువుకు పోక, ఉంఛవృత్తితో జీవించి, రాముణ్ణి తెలుగులో వేడుకొన్న మహానుభావుడు. అంత్యకాలంలో సన్న్యాసం పుచ్చుకొని, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందారు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. తరువాత శిష్యులు ఎవరి ఊళ్ళలో వారు ఆరాధన జరుపుకొంటూ ఉండగా, సమాధి తుప్పలలో కలిసిపోయింది. 1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు అనే శిష్యులు దానిని వెదకి బాగుచేయించారు. అటు తరువాత ఏటేటా ఆరాధన జరుగుతున్నా, సమాధికి గుడి లేదు, నిత్యపూజ లేదు. ఏడాదికి ఒకసారి పాడి ఎవరి దారిన వారు వెళ్ళిపోవడమే.

ఉత్తరం చదువుకొన్న నాగరత్నమ్మగారి మనస్సు కలతపడింది. తన గొంతుకు అన్నం పెట్టినవి ఆ స్వామి కీర్తనలే. తనకు ఇల్లూ వాకిలీ ఇచ్చినవి ఆ కీర్తనలే. ఆ స్వామికి మాత్రం వానకు తడవకుండా నాలుగు గోడలు లేవు. ఆ రోజులలో స్వామి తనకు కలలో కనబడినారని ఆమె నమ్మినట్లు చెబుతారు. కల సంగతి ఎట్లున్నా, ఆమె చేసిన పని మాత్రం పగలు వెలుతురులో చేసినదే. వెంటనే తిరువయ్యారు వెళ్ళారు. స్థలం విచారించారు. స్వంతదారులతో మాట్లాడి భూమి సంపాదించారు. ఆ 1921లోనే పునాది వేయించారు.

నారు పోసినవాడు నీరు పోయడా అని మనం ధైర్యం చెప్పుకొంటూ ఉంటాము. ఆ ధైర్యం మంచిదే. కాని నీరు పారడానికి కాలువ తీయవలసినవాడు మనిషే. నాగరత్నమ్మగారు తమ నగలూ, కచేరీలవల్ల వచ్చిన ధనమూ ఆ పనికి వెచ్చించారు. చాలకపోతే మళ్ళీ పాడారు, హరికథలు చెప్పారు, వచ్చినది తెచ్చి ఇటుకలకూ సున్నానికీ పోశారు. 1925 జనవరిలో త్యాగరాజస్వామి శిలావిగ్రహ ప్రతిష్ఠ, కుంభాభిషేకం జరిగినవి. రాజులు కట్టవలసిన గుడి ఒక దేవదాసి కట్టింది.

ఇంతటితో కథ ముగిసి ఉంటే ఎంత బాగుండేదో! గుడి కట్టినవారిని గుడిలో పాడనియ్యలేదు.

ఆ కాలంలో ఆరాధనను రెండు పక్షాలవారు జరిపేవారు. ఒకరిది చిన్నకచ్చి, ఒకరిది పెద్దకచ్చి. ఇరువురికీ ఒకరంటే ఒకరికి గిట్టదు. కాని ఒక్క విషయంలో మాత్రం ఇరువురూ ఏకమే. స్వామి సన్నిధిలో స్త్రీలు పాడరాదు. అందులోనూ దేవదాసీలు అసలే పాడరాదు. సొంత సొమ్ముతో గుడి కట్టించిన వ్యక్తి గడప ఇవతల నిలబడి వినవలసిన స్థితి.

నాగరత్నమ్మగారు వారితో వాదించారు. వారు వినలేదు. అప్పుడామె చేసిన పని మాకు అన్నిటికంటె గొప్పదిగా తోస్తుంది. గుడి నాది అని తాళం వేయలేదు. మీ ఆరాధన నాకెందుకని చెన్నపట్టణం వెళ్ళిపోలేదు. 1927లో స్త్రీల కచ్చి అని మూడవ పక్షం ఒకటి ఏర్పరచారు. చెన్నపట్టణంలోనూ ఇతరచోట్లా ఉన్న గాయనీమణులను పిలుచుకొనివచ్చి, పురుషులు ముందు పాడుతూ ఉండగా, సన్నిధి వెనుకవైపున స్త్రీలచేత ఆరాధన జరిపించారు. ముందు తలుపు మూస్తే వెనుక గోడ దగ్గర పాడారు. స్వామికి ముందూ వెనుకా అనే భేదమున్నదా? వినేవాడు రాముడయినప్పుడు వేదిక ఎక్కడైతేనేమి?

ఏటేటా ఇట్లాగే జరిగింది. వెనుకవైపు పాట వినడానికి వచ్చేవారు నానాటికీ పెరిగారు. మూడు కచ్చిల తగవు చూసి సంగీతాభిమానులు సిగ్గుపడ్డారు. చివరకు పెద్దమనుష్యులు కూర్చుని మాట్లాడి, 1941 నాటికి మూడు పక్షాలనూ ఒక్కటిగా కలిపారు. అందరూ కూడి పంచరత్న కీర్తనలు పాడే సంప్రదాయం స్థిరపడింది. స్త్రీలు సన్నిధి ఎదుటికి వచ్చారు. పద్నాలుగేండ్లు వెనుక గోడ దగ్గర పాడిన పాట ముందు వాకిలికి చేరింది.

ఆమె జీవితంలో మరొక పోరాటమున్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. దేవదాసీ ఆచారాన్ని మాన్పించాలని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1927లో మద్రాసు శాసనసభలో పట్టుదలతో పనిచేయసాగారు. చిన్నపిల్లలను గజ్జెకట్టి జీవితాంతం ఆ వృత్తికి ముడివేయడం ఆగాలని ఆమె కోరిక. నాగరత్నమ్మగారు దానిని వ్యతిరేకించి, తమ కులం స్త్రీలను కూడగట్టి ప్రభుత్వానికి విన్నపాలు పంపారు. విద్యనూ, గుడి మాన్యాలనూ, స్త్రీకి స్త్రీ నుండి సంక్రమించే ఆస్తినీ తీసివేసి, తమందరికీ ఒక్క చెడ్డపేరు మాత్రం మిగులుస్తారని ఆమె భయం. 1947లో చట్టం వచ్చింది. నాగరత్నమ్మగారు ఓడిపోయారు.

ఈ విషయంలో మా అభిప్రాయం అడిగితే, చట్టం రావలసినదే అంటాము. అయిదేండ్ల పిల్ల తన జీవితాన్ని తాను కోరుకోలేదు గదా. కాని నాగరత్నమ్మగారి భయమూ వట్టిది కాదు. అటు తరువాత ఎందరో మహావిదుషీమణులు తమ కులం చెప్పుకోవడానికి సంకోచపడి మరుగున పడిపోయారు. దైవాన్ని నమ్మినవారికి ప్రతి పోరాటంలోనూ జయమే కలుగుతుందని మేము వ్రాయబోము. ఆమెకు కలగలేదు. ఓటమి తరువాత ఆమె ఎక్కడికి వెళ్ళారన్నదే మేము చూడవలసినది. ఆమె తిరువయ్యారుకే వెళ్ళారు.

వార్ధక్యంలో ఆమె చెన్నపట్టణపు వైభవం వదలి కావేరి ఒడ్డునే ఉండిపోయారు. స్వామి పేర సంస్కృతంలో అష్టోత్తర నామావళి కూర్చారు. త్యాగసేవాసక్త అనే బిరుదు ఆమెకు లభించింది. విద్యాసుందరి అనే పాత బిరుదు పక్కన పెట్టి చూస్తే, ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఆమె నడచిన దూరమని తెలుస్తుంది. 1949లో మరణశాసనం వ్రాసి, ఆస్తినంతా స్వామి సన్నిధికి చెందేటట్లు ధర్మకర్తల చేతిలో పెట్టారు. ఆ సన్నిధిలో స్త్రీలకు, దేవదాసీలతో సహా, పురుషులతోపాటు పాడే హక్కు ఉండాలన్న నియమం అందులో చేర్చారు. తన సొమ్ము ఇచ్చివేసేటప్పుడు కూడా, తనను ఆపిన గడప మరొక స్త్రీని ఆపకూడదనే చింత ఆమెకు.

1911లో కాలిపోయిందనుకొన్న పంట మాట చెప్పలేదు గదా. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో రాధికా సాంత్వనముపై నిషేధం తొలగింది. వావిళ్ళవారు 1952లో దానిని మళ్ళీ అచ్చువేశారు. నలుబది ఏండ్లకు పైగా చీకటిలో ఉన్న ముద్దుపళని తిరిగి వెలుగు చూసిన ఆ సంవత్సరమే, మే 19వ తేదీన, నాగరత్నమ్మగారు పరమపదించారు. ఆమెకు అప్పటికి 73 ఏండ్లు.

ఇప్పుడు ఆమె జీవితం తొలినుంచి తలచుకొని చూడండి. తండ్రి విడువకపోతే మైసూరు లేదు. మైసూరు వెళ్ళగొట్టకపోతే బెంగుళూరు లేదు, మునుస్వామప్పగారు లేరు, తెలుగు లేదు. తెలుగు లేకపోతే ముద్దుపళని లేదు, త్యాగరాజస్వామి హృదయం లేదు. తిరువయ్యారులో ముందు తలుపు మూయకపోతే స్త్రీలందరికీ ఆ సన్నిధి తెరుచుకొనేది కాదేమో. నడిచేటప్పుడు ప్రతిదీ తప్పుదారివలెనే కనిపించింది. చివరనుండి వెనుకకు తిరిగి చూసినప్పుడు మాత్రం అది ఒకే దారి.

అయితే దారి దానంతట అది ఏర్పడలేదు. ప్రతి మలుపులోనూ ఆమె చేతిలో ఉన్న విద్యను వదలలేదు. ప్రతి మలుపులోనూ అన్యాయాన్ని అన్యాయమని చెప్పడం మానలేదు. చెప్పిన తరువాత ద్వేషంతో కూర్చోకుండా, ఆ పూట చేయవలసిన పని చేశారు. దైవాన్ని నమ్మడమంటే ఇదేనని మేము అనుకొంటాము. రేపు ఎక్కడికి చేరుతామో తెలియకపోయినా, ఈ రోజు పాడవలసిన పాట శ్రుతి తప్పకుండా పాడడం.

ఈ సంవత్సరం మన కుటుంబాలలో కొందరి పిల్లలు కోరిన చదువు దొరకక వేరొకటి చేరి ఉంటారు. కొందరికి బదిలీ అయి, ఎరుగని ఊళ్ళో మూటలు విప్పుకొంటూ ఉంటారు. కొందరు వ్యాపారంలో దెబ్బతిని, ఏ మొహంతో ఊరికి వెళ్ళడమా అని దిగులుపడుతూ ఉంటారు. వారికి మేము జోస్యం చెప్పలేము. ఆమె కథ మాత్రం చెప్పగలము. వీలైతే ఒక పుష్య బహుళ పంచమినాటికి పిల్లలను వెంటబెట్టుకొని తిరువయ్యారు వెళ్ళిరండి. తమిళులూ, కన్నడిగులూ, మలయాళీలూ, తెలుగువారూ, ఆడామగా కలిసి కూర్చుని తెలుగు మాటలను గొంతెత్తి పాడడం వింటారు. స్వామిని దర్శించుకొన్న తరువాత ఒకసారి వెనుకకు తిరిగి చూడండి. సన్నిధికి ఎదురుగా, స్వామివైపు చూస్తూ కూర్చున్న ఒక స్త్రీ విగ్రహం కనిపిస్తుంది. అది నాగరత్నమ్మగారిది. ఇప్పుడు ఆమెకూ స్వామికీ మధ్య అడ్డు తలుపు లేదు.